నొప్పి తగ్గిన పన్ను నయమైనట్లేనా?

పంటినొప్పికి మందు లేని వంటగది మన తెలుగు ఇళ్ళలో కానరాదు. పోపులపెట్టెలో లవంగం, జాడీలో ఉప్పు, పెరట్లో జామచెట్టు, వీధి చివర వేపచెట్టు తరతరాలుగా మన కుటుంబాలను అర్ధరాత్రి వేళ ఆదుకొంటున్నాయి. ఆయుర్వేద వైద్యుడినైన నేను వాటి గుణాన్ని తక్కువ చేసి చెప్పను. కాని ఏ మందుకైనా ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు తెలియనప్పుడు మంచి మందు కూడా రోగాన్ని దాచిపెట్టే తెరగా మారుతుంది. పంటి వేరులో చేరే సూక్ష్మజీవుల విషయంలో జరిగేది సరిగ్గా ఇదే.

నేను విశాఖపట్నం నుండి శ్రీకాకుళం వైపు వెళ్ళే జాతీయ రహదారి మీద ఉన్న ఆనందపురంలో వైద్యం చేస్తున్నాను. చుట్టుపక్కల పూలతోటల రైతులు, ఓడరేవులోను ఉక్కు కర్మాగారంలోను షిఫ్టు ఉద్యోగాలు చేసే గృహస్థులు, వారి ఇంటి ఇల్లాండ్రు నా వద్దకు వస్తూ ఉంటారు. వారు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "డాక్టరుగారూ, నాలుగు రోజులు లవంగనూనె పెట్టాం, నొప్పి పూర్తిగా పోయింది. ఇంకా పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళవలసిన పని ఉందంటారా?" ఉన్నది. కొన్ని సందర్భాలలో నొప్పి పోయిన తరువాతనే వెళ్ళవలసిన అవసరం మరింత ఎక్కువవుతుంది. ఎందుకో తెలియాలంటే ముందుగా పంటి లోపలి అమరికను తెలుసుకోవాలి.

పంటి లోపల ఏముంటుంది?

పన్ను బయటకు రాతిముక్కవలె కనిపించినా అది జీవమున్న అవయవం. పైన తెల్లగా మెరిసే పొరను పింగాణీ పొర అంటారు. మన శరీరంలో దీనికంటే గట్టి పదార్థం మరొకటి లేదు. దాని కింద కొంచెం పసుపుఛాయ గల డెంటిన్ పొర ఉంటుంది. ఇది ఘనంగా కనిపించినా నిజానికి కంటికి కనిపించని లక్షలాది సన్నని గొట్టాల సముదాయం. అన్నిటికన్నా లోపల దంతమజ్జ ఉంటుంది. రక్తనాళాలు, నరాలు కలిసిన ఈ మెత్తని కండ పంటి నడుమ ఒక చిన్న గదిలో ఉండి, అక్కడ నుండి వేళ్ళలోని సన్నని దారుల గుండా చివరి వరకు వ్యాపిస్తుంది. ఆ దారులనే రూట్ కెనాళ్ళు, అంటే దంతమూల నాళాలు, అని పిలుస్తారు.

ముందరి పళ్ళకు సాధారణంగా ఒక్క నాళమే ఉంటుంది. కింది దవడ పళ్ళకు మామూలుగా మూడు, పై దవడ పళ్ళకు మూడు లేక నాలుగు ఉంటాయి. వాటికి పక్కకు చీలిన శాఖలు, వంపులు ఉండడం కూడా సహజమే. వేరు కొసన నాళం తెరుచుకునే రంధ్రం సాధారణంగా అర మిల్లీమీటరైనా ఉండదు. పంటికి రక్తం వచ్చేదీ పోయేదీ ప్రధానంగా ఆ సన్నని ద్వారం గుండానే. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. తరువాత చెప్పబోయే విషయాలన్నీ దీనిపైనే ఆధారపడి ఉన్నాయి.

సూక్ష్మజీవులు లోనికి ఎలా చేరతాయి?

మన నోరు ఎప్పుడూ సూక్ష్మజీవులకు నిలయమే. హాలెండు దేశస్థుడైన లీవెన్‌హుక్ తన పంటి పాచిని తానే తయారుచేసుకున్న భూతద్దం కింద పరిశీలించి, అందులో కదలాడే జీవులను గురించి 1683లో లండనులోని రాయల్ సొసైటీకి ఉత్తరం వ్రాశాడు. మనుషుల నోళ్ళలో దాదాపు 700 రకాల బాక్టీరియాను గుర్తించారని నేటి శాస్త్రం చెబుతున్నది. వాటిలో చాలా భాగం మనకు హాని చేయవు. కొన్ని మాత్రం మనం తిన్న తీపిని, పిండిపదార్థాన్ని పులియబెట్టి ఆమ్లాన్ని తయారుచేస్తాయి. ఆ ఆమ్లం పింగాణీ పొరలోని ఖనిజాన్ని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. అలా ఏర్పడినదే పిప్పిపన్ను. బెర్లిన్‌లో పనిచేసిన అమెరికా దంతవైద్యుడు మిల్లర్ 1890లో ప్రచురించిన గ్రంథంలో ఈ విధానాన్ని వివరించాడు. పంటిని పురుగు తొలుస్తుందని మన పెద్దలు అన్న మాటలో పురుగు అనే జీవి లేకపోయినా, తొలిచేది జీవులేనన్న భావం మాత్రం సరైనదే.

పింగాణీ పొర కరిగాక డెంటిన్ బయటపడుతుంది. దంతమజ్జకు దగ్గరగా ఆ గొట్టాల వెడల్పు మిల్లీమీటరులో వెయ్యో వంతుకు రెండింతలు దాటుతుంది. అనేక బాక్టీరియాలు అంతకంటె చిన్నవి. కాబట్టి పిప్పి ఇంకా మజ్జను తాకకముందే ఈ గొట్టాల గుండా సూక్ష్మజీవులు, వాటి విషపదార్థాలు లోనికి ప్రవేశించగలవు. పన్ను పగిలినా, బీటవారినా, పాత సిమెంటు అంచు వదులైనా, దెబ్బ తగిలి మజ్జ చచ్చిపోయినా దారి ఏర్పడవచ్చు.

నొప్పి వచ్చి పోవడంలోని రహస్యం

శరీరంలో మరెక్కడైనా వాపు వస్తే అక్కడి చర్మం, కండ సాగి దానికి చోటు ఇస్తాయి. పంటి లోపల అటువంటి వీలు లేదు. నాలుగు ప్రక్కలా గట్టి గోడల మధ్య మజ్జ వాచినప్పుడు లోపలి ఒత్తిడి పెరిగి నరాన్ని నొక్కుతుంది. మొదట చల్లని నీరు తగిలితే జివ్వుమంటుంది. క్రమంగా వేడి తగిలినా నొప్పి మొదలై చాలాసేపు నిలుస్తుంది. పడుకోగానే తలకు రక్తం ఎక్కువగా చేరి పోటు హెచ్చుతుంది. పంటినొప్పి రాత్రిపూటనే ఎక్కువగా బాధించడానికి ఇదొక కారణం.

ఈ స్థితి సాగితే ఆ సన్నని గదిలో రక్తప్రసారం నిలిచిపోయి మజ్జ క్రమంగా చచ్చిపోతుంది. మజ్జతోబాటు నరమూ చస్తుంది. నరం చచ్చిన తరువాత నొప్పి ఎవరికి తెలియాలి? కొన్ని రోజులు వేధించిన పన్ను ఒకనాటి ఉదయం మౌనం వహిస్తుంది. ఇంటివారు లవంగనూనె పనిచేసిందనుకుంటారు. నిజానికి కబురు చేరవేసే తీగ తెగిపోయింది, అంతే.

ఉక్కునగరం నుండి వచ్చిన ఒక గృహస్థు ఉదంతం చెబుతాను. ఆయనకు కింది దవడ పన్ను పది రోజులు పీకి ఊరుకున్నది. ఆరు నెలలు ఏ బాధా లేదు. చిగురు మీద ఆవగింజంత పొక్కు మాత్రం వచ్చి పోతూ ఉండేది. నొప్పి లేదు గదా అని ఊరుకున్నారు. ఒక రాత్రి షిఫ్టులో ఉండగా చలిజ్వరం, తెల్లవారేసరికి దవడ కింద వాపు, నోరు రెండు వేళ్ళంత కూడా తెరుచుకోలేదు. కషాయం అడుగుతూ నా వద్దకు వచ్చారు. నేను ఏ మందూ ఇవ్వకుండా వెంటనే పెద్దాసుపత్రికి పంపించాను. అక్కడ చీము తీసి, పన్ను తొలగించి, నాలుగు రోజులు ఉంచుకున్నారు. ఆయన క్షేమంగా ఇంటికి వచ్చారు. కాని ఆ పొక్కు కనబడిన మొదటి వారంలోనే వెళ్ళి ఉంటే పన్ను కూడా దక్కి ఉండేదేమో.

గాలి సోకని చోట పెరిగే జీవులు

దంతమూల వ్యాధికి కారణం సూక్ష్మజీవులేనని నిస్సందేహంగా తేల్చిన ప్రయోగం 1965లో అమెరికాలో జరిగింది. కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జ్‌జెరాల్డ్ అనే ముగ్గురు పరిశోధకులు రెండు జట్ల ఎలుకల పళ్ళకు రంధ్రం చేసి మజ్జను బయటపెట్టారు. ఒక జట్టు మామూలు ఎలుకలు. రెండవది సూక్ష్మజీవులు బొత్తిగా లేని వాతావరణంలో పెంచినవి. మామూలు ఎలుకల పళ్ళలో మజ్జ కుళ్ళి చీము పట్టింది. రెండవ జట్టులో రంధ్రంలో ఆహారం ఇరుక్కున్నప్పటికీ మజ్జ బ్రతికే ఉండి, గాయం మీద కొత్త డెంటిన్ పొరను అల్లుకున్నది. గాయం రెండింటికీ ఒక్కటే, తేడా సూక్ష్మజీవులది.

1976లో స్వీడన్ దేశపు సుండ్‌క్విస్ట్ దెబ్బ తగిలి మజ్జ చచ్చిపోయి, పైకి మాత్రం చెక్కుచెదరని పళ్ళను పరీక్షించాడు. వేరు కొసన ఎముక కరిగిన పళ్ళలో దాదాపు అన్నిటా బాక్టీరియా కనిపించింది. వాటిలో నూటికి తొంభైకి పైగా ప్రాణవాయువు అక్కరలేని రకాలే. చచ్చిన మజ్జలో రక్తం ఉండదు, ప్రాణవాయువు చేరదు. గాలి గిట్టని ఫ్యూసోబాక్టీరియం, ప్రీవోటెల్లా, పోర్ఫిరోమోనాస్ వంటి జాతులకు అది వెతుక్కున్నా దొరకని చోటు. పన్ను తెరవగానే వచ్చే దుర్గంధం ఈ జీవులు మాంసకృత్తులను కుళ్ళబెట్టడం వలన పుట్టేదే.

ఇవి విడివిడిగా తిరగవు. చెరువు మెట్ల మీద పాకుడు పట్టినట్లు నాళపు గోడలకు జిగురుపొరగా అంటుకుని, కలిసి కాపురముంటాయి. ఆ జిగురు వాటికి కోటగోడ. వాటిలో ఎంటరోకాకస్ ఫీకాలిస్ అనే ఒక జాతి మరీ మొండిది. ఆహారం లేకపోయినా చాలాకాలం బ్రతకగలదు, గాఢమైన క్షారాన్ని కూడా కొంతవరకు తట్టుకోగలదు. ఒకసారి రూట్ కెనాల్ చేయించుకున్నా మళ్ళీ చెడిన పళ్ళలో ఇది తరచుగా కనిపిస్తుంది.

మాత్రలతో ఎందుకు నయం కాదు?

కొందరు మందుల దుకాణంలో అడిగి నాలుగు యాంటీబయాటిక్ మాత్రలు మింగి సరిపెట్టుకుంటారు. మింగిన మందు రక్తంలో కలిసి, రక్తంతోబాటే చేరవలసిన చోటికి చేరుతుంది. చచ్చిన మజ్జలోకి రక్తమే పోనప్పుడు మందు ఎలా పోతుంది? భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి సారథ్యంలో అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాల 1948లో ప్రపంచానికి అందించిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. ఎన్నో ప్రాణాలు నిలిపిన మందుల కుటుంబం అది. అటువంటి గొప్ప మందుకైనా రక్తమనే వాహనం కావాలి.

మాత్రలు వేరు చుట్టూ వ్యాపించిన వాపును అదుపు చేయగలవు, నాళంలోని నివాసాన్ని ఖాళీ చేయించలేవు. అందుకే అమెరికా దంతవైద్య సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాలలో, దంతచికిత్స అందుబాటులో ఉన్నప్పుడు చాలా వరకు పంటినొప్పులకు యాంటీబయాటిక్ వాడవద్దని సూచించింది. జ్వరం, వ్యాపించే వాపు ఉన్నప్పుడు అవి అవసరమే, అయితే వైద్యుడి సలహాతో మాత్రమే.

మన శాస్త్రగ్రంథాలు ఏమన్నాయి?

సుశ్రుతసంహితలో 65 ముఖరోగాలు చెప్పబడ్డాయి. అందులో 15 దంతమూలానికి, 8 దంతాలకు సంబంధించినవి. పిప్పిపన్నును క్రిమిదంతమని, చిగురు నుండి చీము కారే దారిని దంతనాడి అని పేర్కొన్నారు. నాడి ఏ పంటిని ఆశ్రయించి ఉన్నదో ఆ పంటిని తొలగించి, దారిని శుభ్రపరచాలని, ఉపేక్షిస్తే అది దవడ ఎముకను భేదిస్తుందని సుశ్రుతుని అభిప్రాయం. పైన చెప్పిన ఆవగింజంత పొక్కు ఈ దంతనాడి ముఖద్వారమే. చీము దాని గుండా కారిపోవడం వలన లోపల ఒత్తిడి ఉండదు, కనుక నొప్పి ఉండదు.

ఇక్కడ గమనించదగిన సంగతి ఒకటున్నది. దంతనాడికి మన ఆచార్యులు కేవలం పుక్కిలింతతో సరిపెట్టలేదు. మూలాన్ని తీసివేయమన్నారు. సూక్ష్మదర్శిని లేని కాలంలోనే, రోగం ఉన్న చోటును శుభ్రం చేయనిదే నయం కాదని వారు గ్రహించారు. నేటి దంతవైద్యం పన్నును నిలుపుతూనే ఆ శుద్ధి చేయగలుగుతున్నది. రెండింటి సూత్రం ఒకటే.

రూట్ కెనాల్ చికిత్సలో జరిగేది

దంతవైద్యుడు పంటికి మత్తు ఇచ్చి, పైన చిన్న ద్వారం చేసి, సన్నని ఆకురాళ్ళ వంటి సూదులతో నాళాలలోని కుళ్ళిన పదార్థాన్ని తీసివేస్తాడు. సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో మాటిమాటికీ కడుగుతాడు. సూది చేరని శాఖలలోకి ఈ ద్రావణం కొంతవరకు చేరుతుంది. అవసరమైతే కొన్ని రోజులు కాల్షియం హైడ్రాక్సైడును లోపల ఉంచుతాడు. ఇది మనం తాంబూలంలో వేసుకునే సున్నమే! 1920లో హెర్మన్ అనే జర్మన్ వైద్యుడు దంతవైద్యంలో దీనిని ప్రవేశపెట్టాడు. దాని గాఢమైన క్షారగుణం చాలా సూక్ష్మజీవులకు గిట్టదు. అలాగని ఇంట్లోని సున్నాన్ని పిప్పిలో పెట్టరాదు, నోరు పొక్కిపోతుంది.

శుభ్రపడిన నాళాన్ని గట్టాపెర్చా అనే పదార్థంతో పూడుస్తారు. ఇది మలయా ప్రాంతపు చెట్టు పాలతో తయారయ్యేది. ఆ చెట్టు మన ఇప్ప, సపోటా చెట్ల కుటుంబానికి చెందినదే. చివరగా పన్ను విరగకుండా పైన తొడుగు వేస్తారు. తొడుగు ఖర్చు దండుగని వాయిదా వేసేవారి పన్ను పగిలిపోవడమో, అంచుల వెంట సూక్ష్మజీవులు మళ్ళీ చేరడమో సంభవించవచ్చు.

"చచ్చిన పన్నును నోట్లో ఉంచుకుంటే ఒళ్ళంతా విషం పాకదా?" అని కొందరు భయపడతారు. 1910 తరువాత కొన్ని దశాబ్దాలు పాశ్చాత్య దేశాలలో ఈ భయంతోనే లెక్కలేనన్ని పళ్ళు పీకివేశారు. తరువాతి పరిశోధనలు ఆ వాదాన్ని నిలబెట్టలేదు. శుభ్రపరచి మూసిన పన్ను హాని చేయదు. శుభ్రపరచకుండా వదిలిన పన్నే హాని చేస్తుంది. మా ప్రాంతం వారికి రుషికొండ వద్ద గీతం దంతవైద్య కళాశాల ఉన్నది. పొదుపుగా చేయించుకోదలచినవారు ఇటువంటి కళాశాలల్లోను, ప్రభుత్వాసుపత్రుల దంతవిభాగాల్లోను విచారించవచ్చు.

గృహవైద్యం ఎంతవరకు?

దంతవైద్యుని వద్దకు చేరేలోగా ఉపశమనం కొరకు ఈ క్రిందివి చేయవచ్చు.

1. గోరువెచ్చని గ్లాసు నీటిలో అర చెంచా ఉప్పు కలిపి రోజుకు మూడు నాలుగుసార్లు పుక్కిలించాలి. పిప్పిలో ఇరుక్కున్న ఆహారం తొలగుతుంది.

2. ఒక చుక్క లవంగనూనెను నాలుగైదు చుక్కల కొబ్బరినూనెలో కలిపి, చిన్న దూదిపింజను తడిపి పిప్పి మీద మాత్రమే కొద్ది నిమిషాలు ఉంచాలి. అందులోని యూజినాల్ నరాన్ని తాత్కాలికంగా మొద్దుబారుస్తుంది. దంతవైద్యులు కూడా దీనిని జింక్ ఆక్సైడుతో కలిపి వాడుతుంటారు. చిగురుకు తగిలితే పొక్కుతుంది. మింగరాదు. చిన్నపిల్లలకు వాడరాదు.

3. వాపు ఉంటే బయట చెంప మీద చల్లని గుడ్డ వేయాలి. వేడి కాపడం పెట్టరాదు. రాత్రి తల కొంచెం ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి.

చేయకూడనివి: పిప్పిలో జిల్లేడుపాలు, నల్లజీడి రసం పోయడం, ఆస్పిరిన్ మాత్రను చిగురు మీద నలిపి పెట్టడం, పొగాకు, నశ్యం అదమడం, సూదితో గుచ్చి చీము తీయడం. వీటివలన పుండ్లుపడి రోగం ముదురుతుంది.

ఆలస్యం చేయరాని లక్షణాలు

దవడ కింద లేక నాలుక కింద వాపు గట్టిపడటం, నోరు తెరవలేకపోవడం, మ్రింగడం కష్టమై చొంగ కారడం, మాట మారడం, ఊపిరి ఆడకపోవడం, కంటి చుట్టూ వాపు, చలిజ్వరం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. నాలుక కింది వాపు శ్వాసమార్గాన్ని మూసివేసే ప్రమాదాన్ని 1836లో లుడ్విగ్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించాడు. నేటికీ ఈ వ్యాధి ఆయన పేరుతోనే వ్యవహారంలో ఉన్నది. దానికి ఎక్కువగా మూలం కింది దవడ పళ్ళే. మధుమేహం ఉన్నవారు, గుండె కవాటాల వ్యాధి ఉన్నవారు, గర్భిణీలు పంటి చీమును మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. పిల్లల పాలపళ్ళు ఎలాగూ ఊడేవే గదా అని వదలరాదు. వాటి వేళ్ళ కిందనే శాశ్వత దంతాల మొగ్గలు ఉంటాయి.

నివారణే మేలు

ఉదయం, రాత్రి భోజనానంతరం పళ్ళు తోముకోవాలి. వేపపుల్ల అలవాటు ఉన్నవారు దానిని మానవలసిన పని లేదు. మెత్తగా నమిలి కుంచె చేసుకుని, చిగుళ్ళు గాయపడకుండా వాడాలి. రాత్రివేళ మాత్రం ఫ్లోరైడు గల పేస్టు వాడడం మంచిది. తీపి పదార్థాలను భోజనంతోబాటే తిని, నోరు పుక్కిలించాలి. రోజంతా కొంచెం కొంచెంగా చప్పరించడం, పిల్లలను తీపి పాలసీసా నోట ఉంచుకుని నిద్రపోనివ్వడం పళ్ళకు చేటు. చల్లదనానికి జివ్వుమన్న తొలిరోజులలోనే పిప్పిని పూడ్పించుకుంటే చాలా సందర్భాలలో రూట్ కెనాల్ అవసరమే రాదు.

పిప్పిపన్ను పీకి పీకి తనంతట తానే ఊరుకుంటే సంతోషించవద్దు. ఆ వారంలోనే ఎక్స్‌రే తీయించి వేరు కొస ఎలా ఉన్నదో చూపించుకోండి. పోపులపెట్టెలోని లవంగం మీకు ఒక రాత్రి నిద్రను ఇవ్వగలదు. పన్నును మాత్రం నిలపలేదు.